తొమ్మిది నెలల మోకాలు

కూతకెళ్లిన అమ్మాయి బోనస్ గీత దాకా చొచ్చుకుపోయి, ఎడమకాలు నేలకి ఆనించి గిరుక్కున వెనక్కి తిరిగింది. ఎవరి చెయ్యీ తగల్లేదు. మోకాల్లో 'టప్'మని చప్పుడైంది, అంతే, కూలబడిపోయింది. అక్టోబరు నెల. అండర్-19 సెలెక్షన్లు. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల.

ఈ అమ్మాయి ఫలానా అని ఎవరినీ చూపించను. నెల్లూరు జిల్లాలో మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా సముద్రం వెంబడి ఉన్న మత్స్యకారుల పట్టపుపాళేల్లో, రొయ్యల గుంటల గట్ల మీద పెరిగి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడే పిల్లల్లో ఎవరైనా కావచ్చు. ఆ పిల్లకి ఆట ఒక్కటే ఊరు దాటించే దారి. సర్టిఫికెట్టు వస్తే కాలేజీలో సీటు, సీటొస్తే ఉద్యోగం అని ఇంట్లో లెక్కలు వేసుకుని ఉంటారు. మోకాలు తెగిన రాత్రి ఆ లెక్కంతా పోయినట్టే అనిపిస్తుంది. పోలేదు. ఆ మోకాలిని మళ్లీ తయారుచేసుకోవచ్చు. ఎలా అన్నది ఇక్కడ నెలల వారీగా చెబుతాను. ఆపరేషను నిర్ణయం, మందుల నిర్ణయం డాక్టరువి. కానీ మిగతా తొంభై వంతుల పని ఇంట్లో, ఇసకలో, చదువుకునే బల్ల దగ్గర జరుగుతుంది. ఆ పని గురించే నా బెంగ.

ముందు తెగిందేమిటో తెలియాలి. మోకాలి నడిమధ్య, తొడ ఎముకని కిందికాలి ఎముకతో ఏటవాలుగా కట్టి ఉంచే తాడు ఒకటుంది. పొడవు మూడు సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ. దాన్నే ఏసీఎల్ అంటారు. పరుగెత్తేవాళ్లు ఉన్నట్టుండి ఆగినా, పక్కకి తిరిగినా, ఎగిరి దిగినా కింది ఎముక ముందుకి జారకుండా, మెలిపడకుండా పట్టి ఉంచేది ఇదే. ఇలా తెగే వాటిలో నూటికి డెబ్బై దాకా ఎవరూ గుద్దకుండానే, తనంతట తాను తిరిగినప్పుడో దిగినప్పుడో తెగుతాయి. ఒకే ఆట ఆడే అబ్బాయిలకన్నా అమ్మాయిలకి ఈ ముప్పు రెండు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి 'సరిగ్గా ఆడలేదు, అందుకే తెగింది' అని ఆ పిల్లని ఎవరూ అనకూడదు.

పడిన చోటే చాలామంది మొదటి తప్పు చేస్తారు. పక్కనున్నవాళ్లు చేతులిచ్చి లేపి, "నాలుగడుగులు వెయ్, అదే సర్దుకుంటది" అంటారు. వేయనివ్వొద్దు. ఇద్దరు భుజాలిచ్చి బయటికి తీసుకురండి. కాలు చాపి, కింద దిండు పెట్టి, గుండెకన్నా ఎత్తులో ఉంచండి. ఐసు మన పాళేల్లో ఎప్పుడూ ఉంటుంది. చేపల పెట్టెలోది కాస్త చితక్కొట్టి, గుడ్డలో మూటకట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి. ఒంటికి నేరుగా తగిలించొద్దు. రెండు మూడు గంటలకొకసారి అలాగే చేయండి. రెండు మూడు గంటల్లోపే మోకాలు గుమ్మడికాయలా ఉబ్బితే లోపల రక్తం చేరిందని గుర్తు. బెణుకైతే అంత తొందరగా అంత వాపు రాదు. "ఏందిమే, కాలు ఇట్టా అయింది?" అని అమ్మ గుండెలు బాదుకునే సమయానికి మీకు ఈ ఒక్క విషయం తెలిసుంటే చాలు, తెల్లారి ఎటు వెళ్లాలో తేలిపోతుంది.

ఎందుకంటే మన వైపు మొదట వినిపించే మాట పుత్తూరు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకి వెళ్లడం నెల్లూరు, చిత్తూరు వైపు తరాల అలవాటు. ఆ నమ్మకాన్ని నేను తీసిపారేయను. కానీ ఇక్కడ విరిగింది ఎముక కాదు. ఏసీఎల్ తెగితే ఎంత గట్టి కట్టు కట్టినా రెండు కొసలూ కలవవు, కీలు లోపలి నీరు వాటిని అతుక్కోనివ్వదు. పైగా నెల రోజులు మోకాలు కదలకుండా కట్టి ఉంచితే తొడ ముందు కండ కరిగిపోతుంది, కీలు బిగుసుకుపోతుంది. తర్వాత నెలల తరబడి చేసే కసరత్తులో సగం ఆ బిగుతు వదిలించుకోవడానికే సరిపోతుంది. కట్టు మీద ప్రేమ ఉంటే ఉండనివ్వండి. ముందు ఎముకల డాక్టరుకి చూపించండి.

డాక్టరు పడుకోబెట్టి, మోకాలు కొద్దిగా వంచి, కింది ఎముకని చేత్తో ముందుకి లాగి చూస్తారు. దాన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. అనుభవమున్న చేతికి సగం విషయం అక్కడే తెలిసిపోతుంది. ఎక్స్‌రేలో తాడు కనపడదు. ఎముక చిట్లిందో లేదో, ఎదిగే వయసు పిల్లల్లో ఎముక చివర పెరిగే పొర ఇంకా తెరుచుకుని ఉందో లేదో అందులో తెలుస్తుంది. ఆపరేషను పద్ధతి దాన్ని బట్టి మారుతుంది. తాడు సంగతి ఎమ్మారైలో చూడాలి. దాంతోపాటు లోపలి నెలవంక ఆకారపు మెత్త లాంటి మెనిస్కస్ కూడా చిరిగిందా అని అడగండి. అది చిరిగి ఇరుక్కుని మోకాలు చాచుకోకుండా అయితే ఆలస్యం చేయకూడదు. ఖర్చు మాట వచ్చినప్పుడు సిగ్గుపడకుండా, ఆరోగ్యశ్రీ అని మనం పిలిచే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ఈ ఆపరేషను ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందా అని అడగండి. ముందే అడిగితే అప్పు చేసే పని తప్పొచ్చు.

ఎమ్మారై కాగితం చేతికొచ్చిన రోజే ఇంట్లో నిశ్శబ్దం కమ్ముకుంటుంది. ఆ రోజు పిల్లకి చెప్పాల్సిన కథ మనకి దూరంలో లేదు. పక్కనున్న ఉమ్మడి ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో పుట్టిన పుల్లెల గోపీచంద్‌ది.

గోపీచంద్ హైదరాబాదు ఏవీ కాలేజీలో చదువుకున్నారు. 1990, 1991లో భారత విశ్వవిద్యాలయాల ఉమ్మడి బ్యాడ్మింటన్ జట్టుకి కెప్టెన్. 1994లో ఆయన మోకాల్లో ఈ తాడే తెగింది. ఇప్పుడున్నంత ఫిజియో వసతి అప్పట్లో మన దేశంలో లేదు. ఒక ఆపరేషనుతో తీరలేదు కూడా. అయినా 1996లో తొలిసారి జాతీయ చాంపియన్ అయ్యారు. అక్కణ్నుంచి 2000 దాకా వరసగా ఐదేళ్లు ఆ టైటిల్ ఆయనదే. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఇంకో సంగతి. తాను ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పానని, ఆటల్లో తనకన్నా ముందున్న అన్న ఐఐటీలో సీటొచ్చి ఆట మానేశాడని ఆయనే సభల్లో చెప్పారు. దాన్ని పట్టుకుని చదువు మానమని నేననను. మోకాలు తెగడం, పరీక్ష తప్పడం, రెండూ ఒకే మనిషికి జరిగినా ఆ మనిషి ఆగలేదని మాత్రం అంటాను. లెక్క చూస్తే గాయానికీ మొదటి జాతీయ టైటిల్‌కీ మధ్య దాదాపు రెండేళ్లు. అన్నేళ్లు ఏంచేశారో ఆలోచించమని పిల్లకి చెప్పండి.

ఇక పని మొదలు. ఆపరేషను మర్నాడే చేయించాలని తొందరపడకండి. మెనిస్కస్ ఇరుక్కోవడం లాంటి అత్యవసరం లేకపోతే, సాధారణంగా మూడు నుంచి ఐదారు వారాలు ఆగుతారు. ఈ వారాలు ఖాళీ కాదు. వాపు తగ్గాలి. మోకాలు రెండో కాలిలా పూర్తిగా చాచుకోవాలి. కుంటకుండా నడవాలి. తొడ కండ మేలుకోవాలి. వాచిన, బిగుసుకున్న మోకాలితో ఆపరేషను బల్లెక్కితే, దిగాక కూడా అది బిగుసుకునే ఉంటుంది. రోజుకి మూడుసార్లు మడమ కింద తువ్వాలు చుట్టపెట్టి కాలు చాచి పడుకోవడం, తొడ బిగించి పది లెక్కపెట్టడం, మడమని నేలమీద జార్చుతూ వంచడం చేయాలి. చూడటానికి పసిపిల్లల పనుల్లా ఉంటాయి. ఆపరేషను తర్వాత కాలు ఎంత తొందరగా తిరిగొస్తుందన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది.

నవంబరు మధ్యలో ఆపరేషను అనుకుందాం. సన్నటి రంధ్రాల్లోంచి కెమెరా పంపి, తెగిన తాడు స్థానంలో ఆమె ఒంట్లోంచే తీసిన మరో తాడుని బిగిస్తారు. ఎక్కువగా తొడ వెనక కండ తాలూకుదో, మోకాలిచిప్ప కిందిదో తీస్తారు. దాన్నే గ్రాఫ్ట్ అంటారు. ఏది తీయాలన్నది డాక్టరు నిర్ణయం. 'మా అమ్మాయి కబడ్డీ ఆడుతుంది, మళ్లీ ఆడాలనుకుంటోంది' అని మాత్రం ముందే చెప్పండి. మామూలుగా నడిస్తే చాలనుకునే మనిషికీ, కూతకెళ్లే పిల్లకీ ఆలోచన వేరుగా ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు. నవంబరు, డిసెంబరు అంటే వాయుగుండాలు, బురద, రాని బస్సులు. ఊతకర్రల మీద తడి నేలపై నడవడం ప్రమాదం. కర్ర చివరి రబ్బరు అరిగిందేమో చూసుకోండి, ఇంటి ముందు బురద మీద ఇసక పోయండి. గొంతుకూర్చునే మరుగుదొడ్డి పనికిరాదు. మధ్యలో కంత పెట్టిన కుర్చీ ఒకటి వడ్రంగి చేత చేయించుకుంటే మూడు నెలలు ఆ అమ్మాయి ప్రాణం కుదుటపడుతుంది. నేలమీద మఠం వేసుకుని తినడం కూడా కొన్నాళ్లు వద్దు. ఫిజియో దగ్గరికి వెళ్లలేని వానరోజుల్లో ఏమేం చేయాలో ముందే కాగితం మీద రాయించుకోండి. వాన పేరు చెప్పి వారం ఆగితే ఆ వారం తిరిగి రాదు.

మొదటి రెండు వారాల్లో ముఖ్యమైన పని మోకాలు పూర్తిగా చాచడం. వంగడం మెల్లగా వస్తుంది. చాచుకోవడం ఇప్పుడు రాకపోతే తర్వాత జీవితాంతం కుంటు మిగలొచ్చు. రాత్రి నొప్పిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని వంచి పడుకుంటారు, అది వద్దు. దిండు మడమ కింద పెట్టాలి. మరో వింత, తొడ కండ మాట వినదు. బిగించమంటే కదలదు. మెదడు నుంచి ఆ కండకి వెళ్లే ఆజ్ఞని వాచిన మోకాలు అడ్డుకుంటుంది. పిల్ల భయపడుతుంది. చేయి ఆ కండ మీద పెట్టి, చూస్తూ, వందలసార్లు ప్రయత్నిస్తే మేలుకుంటుంది. పిక్క ఉబ్బి నొప్పెట్టినా, జ్వరమొచ్చినా, గాయం నుంచి రసి కారినా ఫోను చేయడం కాదు, ఆసుపత్రికి వెళ్లండి.

తిండి దగ్గర అవ్వతో గొడవ పడాల్సి వస్తుంది. కోత పడిందంటే పథ్యం. చేప తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, పప్పు వాతమని అన్నీ మాన్పించి చారన్నం పెడతారు. ప్రేమతోనే పెడతారు. కానీ కరిగిన కండ తిరిగి కట్టుకోవడానికి మాంసకృత్తులే ఇటుకలు. సముద్రం పక్కనే ఉండి చేప మానడం అన్యాయం. డాక్టరు నోటితోనే అవ్వకి చెప్పించండి, 'చేపలు, గుడ్లు, పప్పు రోజూ పెట్టమ్మా' అని. ఆ మాట అవ్వ వింటుంది.

కాలేజీకి ఆపరేషనైన వారంలోనే ఉత్తరం ఇవ్వాలి. ఇంటర్ బోర్డు 75 శాతం హాజరు అడుగుతుంది. అది తగ్గితే, కొంత మేరకు రుసుము కట్టించుకుని మినహాయిస్తారు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం నకలు జతచేసి ప్రిన్సిపాలుకి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. నోటుపుస్తకాలు స్నేహితురాలి దగ్గర తెప్పించుకోండి. కాలు చాచి కూర్చోవాల్సిన గంటలు రోజుకి చాలా ఉంటాయి. ఐసు పెట్టుకునే ఇరవై నిమిషాల్లో ఒక పాఠం చదవొచ్చు. ఆటలో పడి వెనకబడిన పాఠాలన్నిటికీ ఇంత తీరిక మళ్లీ దొరకదు.

ఇప్పుడు అసలైన చోటికి వస్తున్నాను. సంక్రాంతి.

ఆపరేషను నవంబరు మధ్యలో అయితే సంక్రాంతికి ఎనిమిది వారాలు దాటి తొమ్మిదో వారం. వాపు లేదు. నొప్పి లేదు. ఊతకర్రలు అటక మీదకి వెళ్లాయి. సైకిలు తొక్కుతోంది, మెట్లెక్కుతోంది. ఇంట్లో అందరూ 'నయమైపోయింది' అంటున్నారు. ఊళ్లో కబడ్డీ పందేలు, లైట్లు కట్టారు, మైకులో పేర్లు చదువుతున్నారు. జట్టులో ఒకమ్మాయి తగ్గింది. "ఒక్క ఆట ఆడు, కూతకెళ్లొద్దులే, వెనకాల గొలుసులో నిలబడు చాలు" అంటారు. అడిగేవాళ్లు పరాయివాళ్లు కాదు, సొంత మామే అయుంటాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లోపలి గ్రాఫ్ట్ అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. వేరే చోటి నుంచి తెచ్చి పెట్టిన ఆ తాడు మొదట తన పాత రక్తప్రసరణ పోగొట్టుకుంటుంది. లోపలి కణాలు చనిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు చొచ్చుకొచ్చి, కొత్త కణాలు చేరి, నెలల తరబడి తాడు నేతని మార్చి దాన్ని లిగమెంటుగా తీర్చిదిద్దుతాయి. ఈ మార్పులో ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య కాలం అత్యంత సున్నితమని ఎముకల వైద్యులు చెబుతారు. అంటే నొప్పి తగ్గిన చోట బలం వచ్చిందనుకోవడమే ఈ గాయంలో ఉన్న పెద్ద మోసం. నొప్పికి ఒక లెక్క, తాడుకి ఒక లెక్క. రెండూ ఒకసారి పూర్తికావు. పైనుంచి చూసే కళ్లకి మొదటిదే కనిపిస్తుంది.

నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 106 మందిని రెండేళ్లు చూశారు. ఆపరేషను తర్వాత తొమ్మిది నెలల దాకా, ఆటకి తిరిగి రావడం ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మోకాలు మళ్లీ దెబ్బతినే ముప్పు 51 శాతం చొప్పున తగ్గింది. పాతికేళ్లలోపు వయసుండి ఆటకి తిరిగొచ్చిన క్రీడాకారుల్లో దాదాపు 23 శాతం మందికి అదే కాల్లోనో రెండో కాల్లోనో మళ్లీ తాడు తెగిందని మరో విశ్లేషణ చెప్పింది. నలుగురిలో ఒకరికి దగ్గర. సంక్రాంతి ఆటకి ఇచ్చే కప్పు ఎంత పెద్దదైనా ఈ లెక్క ముందు అది దేనికీ పనికిరాదు. ఆ మూడు రోజులూ పిల్లని ఇంట్లో దాచమని కాదు. స్కోరు రాయడానికి కూర్చోబెట్టండి. చీటీ, పెన్ను చేతికివ్వండి. కోర్టు పక్కనే ఉంటుంది, కోర్టులో ఉండదు.

ఫిబ్రవరి, మార్చి పరీక్షలవి. మూడు గంటలు మోకాలు మడిచి కూర్చుంటే బిగుసుకుంటుంది. బెంచీ కింద కాలు చాచుకునేలా కొస సీటు ఇమ్మని ముందుగా అడగండి. ఒంటికాలి మీద కుర్చీలోంచి లేవడం, మెట్టు మీంచి నెమ్మదిగా దిగడం, పిక్కల కోసం మడమలెత్తడం, నడుము కండల్ని పలకలా బిగబట్టడం, ఇవి చదువు మధ్య విరామాల్లో సాగుతాయి. వాపు లేకుండా, ఒంటికాలి మీద మోకాలు లోపలికి వాలకుండా కూర్చుని లేవగలిగితే నాలుగో నెల ప్రాంతంలో ఫిజియో తిన్నటి పరుగుకి ఒప్పుకుంటారు. మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. మర్నాడు మోకాలు ఉబ్బితే ఒక మెట్టు వెనక్కి.

ఏప్రిల్ 15న సముద్రంలో వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 దాకా 61 రోజులు. మరపడవలు ఒడ్డుకి చేరతాయి, నాయన ఇంట్లో ఉంటాడు. ఆపరేషను తర్వాత ఐదు నుంచి ఏడు నెలల మధ్య కాలం సరిగ్గా ఇదే. నా ఉద్దేశంలో మన తీరం పిల్లలకి ఇంతకన్నా మంచి కాలం లేదు. ఉదయం ఐదున్నరకి నాయనతో కలిసి ఇసకలోకి.

ఇసకని తెలుసుకుని వాడాలి. మెత్తటి పొడి ఇసకలో పరుగెత్తితే గట్టినేల మీదకన్నా దాదాపు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని బెల్జియం శాస్త్రవేత్తలు 1998లో కొలిచారు. నడిచినా రెండు రెట్లకి పైనే. అందుకే అది కండకి మంచి కసరత్తు, దిగేటప్పుడు కుదుపూ తక్కువ. కానీ కాలు ఎటు జారుతుందో తెలియదు. అందుకని మొదలు అలలు తడిపి వెళ్లిన గట్టి ఇసక మీద నడక, తర్వాత అక్కడే నెమ్మది పరుగు, పొడి ఇసక మీద నడక, చివరికి పొడి ఇసకలో చిన్న చిన్న పరుగులు. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒకే దిక్కున పోతూ ఉంటే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి దానిమీదే భారం పెరుగుతుంది. ఎంత దూరం వెళ్లారో అంతే దూరం వెనక్కి రండి. ఒడ్డున అలివి వల లాగుతుంటే సాయం పట్టాలనిపిస్తుంది. మడమ ఇసకలో దించి వెనక్కి వంగి లాగే ఆ పని మోకాలికి చాలా బరువు. నిషేధం ముగిశాక కూడా డాక్టరు చెప్పేదాకా వద్దు.

ఈ రెండు నెలల్లోనే దిగడం నేర్పాలి. పీఈటీ సార్లకి, మేడమ్‌లకి ఇక్కడ ఒక మాట. చాలామంది అమ్మాయిలు ఎగిరి దిగేటప్పుడు రెండు మోకాళ్లూ లోపలికి వాలుతాయి, నడుము నిటారుగా ఉంటుంది. తాడు తెగేది ఎక్కువగా ఆ భంగిమలోనే. మోకాలు పాదం వేళ్ల మీదుగా, తుంటి వెనక్కి, చప్పుడు లేకుండా దిగడం అలవాటు చేయండి. ఫోనులో ముందునుంచి వీడియో తీసి చూపిస్తే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. గాయపడిన ఒక్క పిల్లకే కాదు, జట్టులో అందరికీ నేర్పండి. సాధనకి ముందు పదిహేను ఇరవై నిమిషాలు ఈ సన్నాహం చేసే జట్లలో గాయాలు తగ్గుతాయని ఫుట్‌బాల్‌లో పదే పదే రుజువైంది.

జులై, ఆగస్టుల్లో పరీక్ష పెట్టాలి. తేదీ వచ్చింది కదా అని ఆట కాదు, పరీక్ష నెగ్గితే ఆట. గట్టినేల మీద ఒక గీత గీసి, ఒంటికాలితో ఒక గెంతు, వరసగా మూడు గెంతులు, గీతకి అటూ ఇటూ అడ్డంగా మూడు గెంతులు, ఆరు మీటర్ల దూరం ఒంటికాలితో ఎన్ని సెకన్లో కొలవండి. ఆపరేషను కాలు రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం చేయాలి. తొడ బలం కూడా అంతే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. తొమ్మిది నెలలు ఆట లేక రెండో కాలు కూడా మెత్తబడి ఉంటుంది, దానితో పోలిస్తే ఎవరైనా పాసవుతారు. గాయానికి ముందటి కొలతలు ఉంటే వాటితో పోల్చండి. సీజను మొదట్లో జట్టులో అందరి గెంతు దూరాలూ ఒక పుస్తకంలో రాసి పెట్టుకునే పీఈటీ ఉన్న బడి అదృష్టం చేసుకున్నట్టే.

కాలు పాసైనా మనసు పాసవ్వాలి. వచ్చే గాయాన్ని ఊహించుకుని ఎడమకాలు ఆనించకుండా తప్పించుకునే పిల్ల, కుడికాలిని పోగొట్టుకుంటుంది. ఈ భయాన్ని కొలవడానికే వైద్యులు 12 ప్రశ్నల పట్టిక ఒకటి వాడతారు. ఏసీఎల్ ఆపరేషనైన వారిలో ఏదో ఒక ఆటకి తిరిగొచ్చినవారు 81 శాతం, పాత స్థాయికి చేరినవారు 65 శాతం అని పెద్ద విశ్లేషణలో తేలింది. మిగిలిన వారందరూ మోకాలు బాగాలేక ఆగలేదు, కొందరిని భయమే ఆపింది. భయమేస్తోందని చెప్పే పిల్లని పిరికిది అనొద్దు. ముందు ఎదురు మనిషి లేకుండా కూత, తర్వాత నెమ్మదిగా పట్టే ఒక్క మనిషి, తర్వాత ముగ్గురు, చివరికి పూర్తి కోర్టు. నాలుగు వారాలు పట్టనివ్వండి. ఆగస్టు 15 నాటికి తొమ్మిది నెలలు. సెప్టెంబరు, అక్టోబరు సెలెక్షన్లకి ఆమె రెండో సంవత్సరం విద్యార్థిని. పోయిన సీజను ఒక్కటే పోయింది.

ఇక కాలేజీ. గాయమైనంత మాత్రాన పాత సర్టిఫికెట్లు చెల్లకుండా పోవు, కానీ ఒక్కో నోటిఫికేషను ఒక్కో లెక్క అడుగుతుంది. ఎన్నేళ్లలోపువి, ఏ స్థాయివి, ఏ ఆటలు అని ముందు చదవండి. సర్టిఫికెట్టు మీద పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. లేకపోతే ఇప్పుడే దిద్దించుకోండి. మన రాష్ట్రంలో ఈఏపీసెట్ కౌన్సెలింగులో క్రీడాకారులకి అర శాతం సీట్లు, సర్టిఫికెట్లని పరిశీలించి వరసక్రమం తేల్చేది రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్. ర్యాంకు మాత్రం ఉండాలి. నెల్లూరు నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే ఐఐటీ మద్రాసు 2024-25 నుంచి ప్రతి బీటెక్, బీఎస్ కోర్సులో క్రీడాకారులకి రెండేసి అదనపు సీట్లు పెట్టింది, అందులో ఒకటి అమ్మాయిలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్ నెగ్గాలి, గత నాలుగేళ్లలో జాతీయ స్థాయి పతకం ఉండాలి, ఆట వాళ్ల జాబితాలో ఉండాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల సర్టిఫికెట్లతో పాటు ట్రయల్స్ పెడతారు. వ్యాయామ ఉపాధ్యాయ వృత్తికి దారితీసే పీఈసెట్‌లో పరుగు, జంప్, షాట్‌పుట్ పరీక్షలు ఉంటాయి. చూశారా, ఈ రెండు చోట్లా సీటు ఇచ్చేది కాగితం ఒక్కటే కాదు, ఆ రోజు నిలబడే మోకాలు కూడా. అందుకే సెలెక్షన్లకి తొందరపడి ఏడో నెలలో దిగొద్దని అంటున్నాను. ట్రయల్స్ ఫారంలో శస్త్రచికిత్స వివరం అడిగితే దాచొద్దు. ఆపరేషను తేదీ, తిరిగి నెగ్గిన గెంతు కొలతలు, ఫిజియో సంతకంతో ఒక పేజీ జతచేయండి. అది బలహీనత చెప్పే కాగితం కాదు, తొమ్మిది నెలల క్రమశిక్షణ చెప్పే కాగితం.

బైపీసీ చదివే పిల్లలైతే ఫిజియోథెరపీ డిగ్రీ ఉందని గుర్తు చేయండి. గ్రాఫ్ట్ ఎప్పుడు బలహీనమో, తొడ ఎందుకు మాట వినదో తన ఒంటితో నేర్చుకున్న అమ్మాయి, రేపు మన పాళేల్లో ఇంకో పిల్ల కాలు పట్టుకుని చెప్పగలదు. కోస్తా మండలాల్లో ఆ పని చేసేవాళ్లు ఇంకా చాలామంది కావాలి.

పండగ పందేలు పెట్టే పెద్దలకి ఒక విన్నపం. ఈసారి జట్ల పేర్లు రాసేటప్పుడు మోకాలి ఆపరేషనైన పిల్లలెవరైనా ఉన్నారేమో అడగండి. ఉంటే ఆపరేషను ఏ నెలలో అయిందో అడగండి. తొమ్మిది నెలలు నిండకపోతే ఆ పేరు మీరే కొట్టేసి, స్కోరు పుస్తకం ఆమె చేతికివ్వండి.